బోర్లా పడుకోబెట్టినవాడు

మా ఇంటికి వచ్చినవాళ్లు కాఫీ తాగరు. "ఇప్పుడే తాగి వచ్చామండీ" అంటూ గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్లిపోతారు. మా చేతి కాఫీకి ఇంత వెనకాడే జనం చివరికి మా చేతి స్నానానికి మాత్రం వస్తారు. అప్పుడు ఇంతవరకు ఒక్కరు కూడా వద్దనలేదు.

నేనూ మా చెల్లీ చనిపోయినవాళ్లకు స్నానం చేయించి, బట్టలు తొడిగి, పెట్టెలో సర్దుతాం. పని చేసే గది మా ఇంటి అడుగునే ఉంది. దాని పైన పెట్టెల దుకాణం, ఆ పైన మేం ఉండే గదులు. ఇల్లు కొండ మొదట్లో, వాలుకు ఆనించి కట్టింది. అందుకని అడుగు గదికి ముందు వైపు వీధిలోకి తలుపూ చిన్న కిటికీ ఉంటాయి కానీ, వెనక గోడ మాత్రం కొండలో పాతుకుపోయి ఉంటుంది. ఆ గోడ అవతల అంతా మట్టే. ఆ మట్టి మీద, మా వెనకనుంచి పైదాకా, వరసలు వరసలుగా స్మశానం.

గది మధ్యలో కాస్త ఏటవాలుగా ఉండే రాతి బల్ల. నీళ్లు పోవడానికి దాని అంచు వెంట గాడి. ఎంత బిగించినా కారే కుళాయి ఒకటి. ఎండాకాలంలో కూడా అక్కడ చల్లగా ఉంటుంది. సబ్బు వాసన, తడి రాతి వాసన. మా చెల్లి నీళ్లు కాస్తూ ఏదో కూనిరాగం తీస్తుంటుంది. నేను మాటిమాటికీ దాన్ని కసురుతుంటాను. అది వినదు. మా రోజులు అలాగే గడిచేవి.

మా దగ్గరికి అన్ని రకాలవాళ్లూ వస్తారు. ఒక్కొక్కరిది ఒక్కో మాట. కొందరి ముందు శవం అంటే కొట్టడానికి వస్తారు, ప్రయాణికుడు అనాలి. కొందరికి అతను నిద్రపోతున్నాడు, కొందరికి చుట్టపుచూపుగా వెళ్లాడు. పెట్టెను కొందరు పడవ అంటారు, కొందరు ఇల్లు అంటారు, ఒకావిడ ఉయ్యాల అంది. గోరీ, సమాధి, పడక, గూడు అని ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకుంటారు. తవ్వేవాడికి మాత్రం అది గుంతే.

పద్ధతులూ అంతే. కాలి బొటనవేళ్లు కలిపి కట్టమనేవాళ్లున్నారు. ఒంటిమీద ఒక్క ముడి కూడా మిగలకూడదని పట్టుబట్టేవాళ్లున్నారు. ఇంటిదారి కనిపించకుండా కాళ్లు ముందుగా మొయ్యాలంటారు కొందరు. అద్దాలు కప్పాలి, కిటికీలు తెరవాలి, కళ్ల మీద గులకరాళ్లు పెట్టాలి... నేను దేనికీ ఎదురుచెప్పను. ఏడుస్తున్నవాళ్లతో వాదన పెట్టుకునేంత ఓపిక నాకు లేదు.

ఎప్పుడో ఒకసారి మాత్రం ఎవరో వచ్చి, గొంతు బాగా తగ్గించి, "బోర్లా పడుకోబెట్టండి" అంటారు. ఎందుకని మేం అడగం. బతికున్నన్నాళ్లూ ఇంటిల్లిపాదినీ హడలగొట్టిన మనిషన్నమాట. అలాంటివాడు ఒకవేళ లేచి మట్టి తవ్వుకుంటూ బయల్దేరినా, మొహం ఎటుంటే అటే పోతాడట. మొహం కిందికి ఉంది కాబట్టి కిందికే పోతాడు, మనవైపు రాడు. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల కళ్లలో భయం చూడాలి.

మా చెల్లి మొగుడు, నాకు మరిది, వడ్రంగి. పై దుకాణంలో పెట్టెలు చేసేవాడు. పనిలో అతనికి వంక పెట్టడానికి లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. అతని మూత బిగిస్తే వెంట్రుక దూరేది కాదు. ఆ చేతులే ఇంట్లో మా చెల్లి మీద పడేవి. తలుపు సందులో దాని వేళ్లు పెట్టి మూసినవాడు. మరిగే జిగురు కాళ్ల మీద పోసినవాడు. అడిగితే అది, "జారి పడ్డానక్కా" అనేది.

"ఇంత చదునైన ఇంట్లో మనిషి అన్నిసార్లు ఎలా జారుతుందే?" అనేదాన్ని.

నేను అడ్డం వెళ్లి తిడితే అతను నవ్వి ఊరుకునేవాడు. తర్వాత తలుపు వేసుకుని దానికి రెండింతలు వడ్డించేవాడు. అందుకని నేను నోరు తెరవబోతే అదే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టేది.

ఒకరోజు పొద్దున దుకాణంలో రంపం చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఏదో తన్నుతున్న చప్పుడు. నేను మెట్లెక్కి వెళ్లేసరికి, సగం చేసిన పెట్టెలో మా చెల్లి వెల్లకిలా పడి ఉంది. అతను పైన వంగి రెండు చేతులతో దాని గొంతు నొక్కుతున్నాడు. దాని మడమలు చెక్కకు టపటపా తగులుతున్నాయి. నేను వెనకనుంచి జుట్టు పట్టుకుని లాగాను. మోచేత్తో ఒక్కటిచ్చాడు, గోడకు కొట్టుకుని పడ్డాను. లేచి చూసేసరికి మా చెల్లి చేతికి కొయ్యసుత్తి దొరికింది. మొదటి దెబ్బకు అతను ఆశ్చర్యపోయినట్టు చూశాడు, అంతే. రెండోదానికి ఒరిగాడు. అది లేచి కూర్చుని, పెట్టెలోంచే, ఇంకా కొడుతూనే ఉంది. చెక్కపొట్టు అంతా ఎర్రగా ముద్ద కట్టింది. నేను ఆపలేదు. ఆపాలని అప్పుడు అనిపించలేదు, ఇప్పుడూ అనిపించట్లేదు.

పైనుంచి దూలం జారి తలమీద పడిందని అందరికీ చెప్పాం. వడ్రంగి దుకాణంలో దూలం పడటం వింతేం కాదు కదా. స్నానం చేయించింది మేమే, ఇంకెవరు చేయిస్తారు? నేను నెత్తురంతా కడిగి, నుదుటి పైన పడిన గుంట కనిపించకుండా జుట్టు ముందుకు దువ్వాను. మా చెల్లి గోడకు ఆనుకుని చూస్తోంది. దాని దంతాలు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అక్కా... లేస్తాడేమో."

"లేవడే. తల చూశావుగా."

"నీకు తెలీదు. అతను పట్టుకుంటే వదలడు." నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఇన్ని రకాలవాళ్లకి ఇన్ని చేశావు. ఏదో ఒకటి చెయ్యక్కా. నీకు పుణ్యముంటుంది."

చేశాను. కాలి బొటనవేళ్లు కలిపి కట్టాను. చేతి బొటనవేళ్లు కూడా కట్టాను. అతను చేసిన పెట్టెల్లోనే ఒకదాంట్లో, అతన్ని బోర్లా పడుకోబెట్టాను. గుంతలు తవ్వే ముసలాయన్ని మేం బాబాయి అంటాం. మూత ఎత్తి చూసి ఆయన, "అల్లుడిగారికి వీపు చూపించే మర్యాద చేశారా?" అన్నాడు. నేను మూత దించేశాను. మా చెల్లి మెడ మీది గుర్తులు చూసి ఆయన పార అందుకున్నాడు.

మా దుకాణంవాళ్లకు ఎప్పుడూ అన్నిటికన్నా కింది వరసలోనే చోటిస్తారు. మోసే దూరం తక్కువని. బాబాయి అక్కడే తవ్వాడు, అతన్ని అక్కడే పెట్టాం, మట్టి కప్పి గట్టిగా తొక్కాం. ఇక వెళ్తే కిందికే వెళ్తాడు అనుకుంటూ, కొండ దిగి, ఇంటికొచ్చి, కడుపునిండా అన్నం తిన్నాం.

ఆ తర్వాత మా చెల్లిని చూస్తే నాకే ముచ్చటేసేది. మంచం మొత్తం ఆక్రమించి అడ్డదిడ్డంగా పడుకునేది. పొద్దెక్కేదాకా లేచేది కాదు. "అక్కా, భయం లేకుండా నిద్ర లేవడం ఇంత బాగుంటుందా?" అంది ఒకరోజు. దుకాణం తలుపుకు పసుపు రంగు వేస్తానంది. పెట్టెల దుకాణానికి పసుపు రంగేమిటే, పెళ్లివారి ఇల్లనుకుంటారు అని తిట్టాను. మర్నాడే డబ్బా పట్టుకొచ్చింది. తలుపుకు రంగు వేస్తూ ముక్కు మీద కూడా పూసుకుంది. దాన్ని అలా చూడటం కోసం నేను ఏం చెయ్యడానికైనా సిద్ధమే. అప్పుడూ సిద్ధమే.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఎడతెరిపి లేదు. ఆ మధ్యాహ్నం మా బల్ల మీద ఒక పంతులమ్మ ఉంది, సన్నటి ముసలావిడ. సాయంత్రానికి సిద్ధం చేయమని కొడుకులు చెప్పి వెళ్లారు. కరెంటు పోయింది. మబ్బుకు కిటికీలోంచి వచ్చే వెలుతురు చాలక లాంతరు వెలిగించాం. నేను గోళ్లు తీస్తున్నాను. మా చెల్లి వెనక గోడ వైపు నిలబడి, ఆవిడ తల దువ్వుతోంది. బయట వాన చప్పుడు, లోపల కుళాయి చప్పుడు.

ముందు వాసన వచ్చింది. తడిమట్టి వాసన. వాన కదా అనుకున్నాను. కానీ అది పైపైన తడిసిన మట్టి వాసన కాదు, లోతునుంచి తవ్వి తీసిన మట్టిది. అందులో కొత్తగా చెక్కిన చెక్క వాసన, దాని వెనక ఇంకేదో మురిగిన వాసన కలిసి ఉన్నాయి. పంతులమ్మ నిన్ననే పోయింది, ఆవిడది కాదు.

తర్వాత చప్పుడు.

టక్... టక్... టక్...

మా చెల్లి దువ్వెన ఆగిపోయింది.

"అక్కా."

"కుళాయే."

"కుళాయి అటుంది. ఇది గోడలోంచి వస్తోంది."

"ఎలకలయి ఉంటాయి. వానకు వాటికీ చోటు కావద్దూ?"

అన్నాను కానీ నేనూ నమ్మలేదు. ఎలకలు అంత తీరిగ్గా, అంత లెక్కగా కొట్టవు. పెట్టెకు మూత బిగించేటప్పుడు మా మరిది కొట్టే పద్ధతి అది. ఒక దెబ్బ వేసి, ఆగి, చూసుకుని, మళ్లీ ఒక దెబ్బ.

చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకునేలోపే గీకడం మొదలైంది. గోడ రాళ్ల సందుల్లోంచి బురద సన్నగా కారింది. రాయికీ రాయికీ మధ్య సున్నం రాలి నేల మీద పడింది.

నేను తల ఎత్తి ఆ గోడ వైపు చూశాను. దాని వెనక ఏముందో, పైన ఏ వరస ఉందో, ఆ వరసలో మా వెనకే ఎవరి గుంత ఉందో అప్పుడు గుర్తొచ్చింది. మొహం కిందికి పెట్టాం, కిందికి పోతాడనుకున్నాం. ఎవరెవరో చెప్పిందే మాకు మేం చెప్పుకున్నాం. వాళ్లందరి ఇళ్లూ ఎక్కడో ఊళ్లో ఉంటాయి. మా ఇల్లు ఇక్కడ, అతని గుంతకు సరిగ్గా కింద ఉంది...

చేతిలో ఉన్న కత్తెర బల్ల మీద పెట్టేశాను.

"చెల్లీ, అది అక్కడ పెట్టేసి ఇటు రా."

"జుట్టు సగమే దువ్వానక్కా..."

"రమ్మంటుంటే నీక్కాదూ!"

అది ఒక అడుగు వేసింది. గోడలో ఒక రాయి ఊడి ముందుకు పడింది. ఆ కంతలోంచి బురద బుడబుడమంటూ వచ్చింది. బురదలోంచి చేతులు వచ్చాయి. రెండూ కలిసే వచ్చాయి, ఎందుకంటే బొటనవేళ్లు కట్టేసి ఉన్నాయి. నేను కట్టిన తాడే. వేళ్లకు గోళ్లు లేవు. కొసల్లో చర్మం లేదు, తెల్లటి ఎముక కొసలే ఉన్నాయి.

తర్వాత తల. జుట్టు ఊడిపోయి, నేను దాచిన గుంట బయటపడింది. నోటినిండా మట్టి. అందుకేనేమో ఏ శబ్దమూ చెయ్యలేదు. భుజాలు సందులోంచి పట్టక ఇరుక్కున్నాయి. విదిలించాడు. ఒక భుజం కటుక్కున విరిగింది. విరిగాక పట్టింది.

మా చెల్లి అరవలేదు. అలా నిలబడిపోయింది. అతని చేతుల్ని ఎప్పుడు చూసినా అది అలాగే నిలబడిపోయేది.

"పారిపోవే!"

తాడు తెగింది. చెయ్యి సాగింది. దాని చీలమండ పట్టుకుంది.

లాగాడు. అది వెల్లకిలా పడింది, తల రాతినేలకు కొట్టుకుంది. నేను తలుపుకు అడ్డం పెట్టే ఇనప కడ్డీ తీసుకుని పరుగెత్తాను. ఆ చేతి మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది, పట్టు మాత్రం సడలలేదు. మూడోసారి కడ్డీ ఎత్తేలోపే గోడ కూలిపోయింది.

కొండంత మట్టి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. లాంతరు పడింది కానీ ఆరలేదు. బల్ల ఒరిగి పంతులమ్మ పక్కకు దొర్లింది. నేను మోకాళ్లదాకా కూరుకుపోయాను. కళ్లు తుడుచుకుని చూశాను. మా చెల్లి లేదు. అది పడిన చోట మట్టి కుప్ప ఉంది. మట్టిలోంచి దాని చెయ్యి ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

కుప్ప పైన అతను బోర్లా ఉన్నాడు. కాలివేళ్లు ఇంకా కట్టే ఉన్నాయి, అందుకే లేవలేకపోతున్నాడు. లేవాలని కూడా చూడట్లేదు. చేతులతో మట్టి తోడి వెనక్కి విసురుతున్నాడు. ఒక చెయ్యి విరిగి వేలాడుతున్నా దానితోనూ తోడుతున్నాడు. అతనికి నేను అక్కర్లేదు. కిందికి తవ్వుతున్నాడు. కిందేమో మా చెల్లి ఉంది...

మట్టి అడుగు పలచబడుతోంది. దాని రవిక రంగు కనిపించింది. అతని వేళ్లు ఆ గుడ్డకు తగిలాయి. చిరిగింది. ఆగలేదు, తవ్వుతూనే ఉన్నాడు. మట్టి తోడినట్టే...

వీపు మీద కొట్టాను. తల మీద కొట్టాను. తల పక్కకు వేలాడింది, చేతులు మాత్రం ఆగలేదు. కొట్టి లాభం లేదు. మొహం ఎటుంటే అటు. తిప్పాలి.

శవాన్ని తిప్పడం నాకు రోజూ ఉండే పనే. ఒక చెయ్యి అవతలి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద. మోకాలు పక్కటెముకలకు ఆనించి ఒక్క ఊపు. కడ్డీ పారేసి అతని మీద వంగాను. భుజం కింద చెయ్యి పెట్టగానే అతను తవ్వడం ఆపి నా మణికట్టు పట్టుకున్నాడు. ఎముక కొసలు నా చర్మంలో దిగాయి. నేను ఏడుస్తూ, తిడుతూ, నాకు వచ్చిన బూతులన్నీ తిడుతూ తిప్పాను. బరువు. తడిసిన మనిషి, మట్టి నిండిన మనిషి... సగం లేచి మళ్లీ పడ్డాడు. మళ్లీ ఎత్తాను.

వెల్లకిలా పడ్డాడు.

నా మణికట్టు వదిలేశాడు. మూసుకున్న కళ్లతో పైకప్పు వైపు మొహం పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, గాలిని తవ్వడం మొదలుపెట్టాడు. అటు ఇటు చూడట్లేదు. పైకే, పైకే... అప్పుడు కడ్డీ తీసుకున్నాను. ఆ చేతులు పైకి లేవనంతవరకు కొట్టాను. లేవడం ఆగిపోయాక కూడా కొట్టాను. చెల్లి ఎందుకు ఆపలేకపోయిందో ఆ రోజు నాకు అర్థమైంది.

కడ్డీ విసిరేసి దాని చెయ్యి పట్టుకున్నాను.

సడలిపోయి ఉంది.

ఎన్ని చేతులు పట్టుకున్నాను ఆ గదిలో! ప్రాణమున్న చెయ్యి నిద్రలో కూడా అలా జారదు. నాకు తెలుసు. తెలిసినా ఒప్పుకోలేదు. "చెల్లీ... ఏమే... నన్ను ఒక్కదాన్ని చేసి పోతావుటే..." అంటూ గోళ్లు ఊడేలా మట్టి తోడాను. మొహం బయటపడింది. ముక్కులో మట్టి, నోట్లో మట్టి. వేలు పెట్టి తీశాను. ఒళ్లో పెట్టుకుని ఊపాను. ఎంతసేపో తెలియదు. చాలాసేపు. వాన కాస్త తగ్గింది, బయట ఎవరో బండి తోలుకుంటూ పోయిన చప్పుడు కూడా వినిపించింది.

అప్పుడు నా చేతిలో దాని వేళ్లు బిగుసుకున్నాయి. కళ్లు తెరిచింది. దగ్గు కూడా రాలేదు.

"అక్కా," అంది మెల్లగా. "పోయాడా?"

దాన్ని వాటేసుకుని బావురుమన్నాను.

పైన గుంత కుంగడం చూసి బాబాయి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పార చేతిలో పట్టుకుని వీధి తలుపు తోసి గుమ్మంలోనే ఆగిపోయాడు. మట్టి మీద పడి ఉన్నదాన్ని, మమ్మల్ని మార్చి మార్చి చూశాడు.

"వీణ్ణి మనం పైన కదమ్మాయ్ పెట్టింది..." అన్నాడు గుసగుసగా.

"కిందికే వచ్చాడు బాబాయ్. మనం పంపినట్టే."

ఆయన పార కింద పెట్టాడు. "మరి ఈసారి ఎటు తిప్పి పెడదాం?" అన్నాడు.

"ఎటూ వద్దు. కాల్చేద్దాం."

ఆ సాయంత్రమే కాల్చాం. నేను చితి దగ్గరే నిలబడి, బూడిద అయ్యేదాకా కదల్లేదు. బూడిదను కూడా ఒకచోట ఉంచలేదు, పారే నీళ్లలో వదిలేశాం. కొండచరియ విరిగి గోడ కూలిందని, పాపం వాళ్లాయన గుంత కూడా కొట్టుకుపోయిందని జనం అనుకున్నారు. పంతులమ్మకు మళ్లీ స్నానం చేయించి, మిగిలిన సగం జుట్టు నేను దువ్వాను. వెనక గోడను కొత్తగా కట్టించాం. అతను మళ్లీ రాలేదు. ఇక రాడు కూడా. అతని గురించి నాకిప్పుడు భయం లేదు.

మా పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ముందుగా నేర్పే సంగతి ఒకటుంది. బతికున్న ఒంటి మీద తగిలిన దెబ్బ ఊరుకోదు. ముందు ఎర్రగా, తర్వాత నీలంగా, తర్వాత పచ్చగా, పసుపుగా, రంగులు మారుతూ మాయమైపోతుంది. చచ్చిన ఒంటి మీద మచ్చ అలా మారదు. ప్రాణం పోయేటప్పుడు ఏ రంగులో ఉందో ఆ రంగులోనే ఉండిపోతుంది.

నా మణికట్టు మీద అతని వేళ్ల గుర్తులు నల్లగా కమిలి, పచ్చబడి, చివరికి మాయమయ్యాయి. ఇప్పుడు వెతికినా కనిపించవు.

మా చెల్లి చీలమండ చుట్టూ అతని వేళ్లు పడిన చోట ఇంకా నీలంగానే ఉంది. ఆ మధ్యాహ్నం లాంతరు వెలుతురులో చూసిన నీలమే. వానలు వెళ్లిపోయాయి, చలి వచ్చింది, చలి కూడా వెళ్లిపోయింది. ఆ రంగు ఇసుమంత కూడా మారలేదు. అది మాత్రం బాగానే ఉంది. నవ్వుతుంది, పని చేస్తుంది, కూనిరాగం తీస్తుంది. అన్నం ముందు కూర్చుంటుంది. నేను కంచం వైపు చూడను. మేజోళ్లు వేసుకోవే, చలి అంటాను. వేసుకుంటుంది.

నిన్న మధ్యాహ్నం పని లేక ఇద్దరం బల్ల అంచున కూర్చున్నాం. అది కాళ్లు ఊపుతూ మేజోడు కిందికి జరిపి చూసుకుంది.

"నీది ఎప్పుడో పోయింది కదక్కా. నాది పోదేం?"

"నీకు లోతుగా తగిలిందే. టైము పడుతుంది."

"అంతేనంటావా?"

"అంతే మరి."

మేజోడు మళ్లీ పైకి లాక్కుంది. తర్వాత నా చెయ్యి తీసుకుంది. దాని చెయ్యి చల్లగా ఉంది, కానీ ఆ గదిలో అందరి చేతులూ చల్లగానే ఉంటాయి. నా అరచేతిని మెల్లగా తన గుండె మీదికి తీసుకెళ్లింది.

"నాకు సరిగ్గా తెలియట్లేదక్కా," అంది గుసగుసగా. "నీకు అలవాటే కదా. ఒక్కసారి చూసి చెప్పవూ..."

నేను చెయ్యి లాగేసుకున్నాను. పొయ్యి మీద నీళ్లు కాగిపోతున్నాయని చెప్పి లేచాను. పొయ్యి వెలిగించనేలేదు. ఆ సంగతి దానికీ తెలుసు.